ఇంకా దిగలేదు

మా అత్తయ్యకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. షాపు నిండా అద్దాలే, ఆమె ముక్కు మీదా అద్దాలే. ఫోటోల్లో మాత్రం ఆమె కళ్ళజోడుతో ఎక్కడా కనిపించదు. షాపులో చేరిన చాలా రోజులకు గానీ నేనది గమనించలేదు.

నా పని వెనక గదిలో. అద్దాలను ఫ్రేము ఆకారానికి అరగదీయడం, బిగించడం, వదులైన స్క్రూలు చూడడం. వెనక గదికీ ముందు షాపుకూ మధ్య చిన్న కిటికీ ఉంది. తయారైన జోళ్ళు అందులోంచి అందిస్తాను. కౌంటరు, దాని ముందున్న ఎత్తు స్టూలు, మూలన మామయ్య కళ్ళు పరీక్షించే కుర్చీ, అన్నీ ఆ కిటికీలోంచి కనబడతాయి.

కెమెరా తెచ్చింది వదిన, అంటే అత్తయ్య కూతురు. నొక్కగానే గుర్రుమంటూ తెల్ల అంచున్న ఫోటో కాగితం బయటికి తోసే కెమెరా.

"ఇవి మా కుర్రతనంలోనే పోయాయి కదే?" అన్నాడు మామయ్య.

"మళ్ళీ వచ్చాయి నాన్నా. ఇప్పుడిదే ఫ్యాషన్."

"ఈ సంగతి ముందే తెలిస్తే నా బెల్‌బాటం ప్యాంటు దాచుకునేవాణ్ణి."

కెమెరా ఎందుకు పనికొస్తుందో వారంలోనే తెలిసింది. కొత్త ఫ్రేములో పవరు ఉండదు. పవరు లేకపోతే, చూపు బాగా తగ్గినవాళ్ళకు అద్దంలో తమ మొహమే కనబడదు. ఫోటో తీసిస్తే పాత జోడు పెట్టుకుని తీరిగ్గా చూసుకుంటారు. ఆ పని ఫోనూ చేస్తుంది. కానీ ఫోనులో అయితే తీసిందల్లా చెరిపేసి, ఇంకోటి, ఇంకోటి అంటూ చివరికి ఏదీ నచ్చకుండానే వెళ్ళిపోయేవాళ్ళు. చేతిలో కాగితం ఉంటే చెరపడానికి వీల్లేదు. కాసేపు దాన్ని చూసి చూసి రాజీపడతారు, రాజీపడ్డాక ఇష్టపడతారు. కొత్త జోడు తీసుకున్న ప్రతివాళ్ళకూ ఒక ఫోటో తీసి గోడకు అతికించడం మొదలుపెట్టాం. ఆ గోడ మీద తమ ఫోటో ఉండాలని పక్క వీధుల కాలేజీ పిల్లలు కూడా వచ్చేవాళ్ళు.

బయటికి వచ్చినప్పుడు ఆ కాగితం మీద ఏమీ ఉండదు. మెల్లగా ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత నవ్వు తేలతాయి. కొందరు దాన్ని విసనకర్రలా ఊపుతారు. "ఊపకూడదండీ," అని వదిన మొత్తుకుంటుంది. అత్తయ్యకు అది టీ డికాషన్‌లా కనిపించేదేమో, "ఇంకా దిగలేదు, ఆగండి," అనేది. ఆ మాట షాపంతా అంటుకుంది. వచ్చినవాళ్ళు కూడా కౌంటరు మీదికి వంగి, "దిగిందా? దిగిందా?" అని అడిగేవాళ్ళు.

అందరివీ దిగాయి, అత్తయ్యది తప్ప. బళ్ళో చదివేటప్పుడు గ్రూప్ ఫోటో తీసినాయన, "అద్దాలు మెరుస్తున్నాయి, తీసెయ్యి పాపా," అన్నాడట. అప్పటినుంచీ కెమెరా కనబడితే చాలు, ఆమె చేయి దానంతటదే కళ్ళజోడు మీదికి వెళుతుంది. షాపు తెరిచిన రోజు ఫోటో కౌంటరు వెనక వేలాడుతోంది. అందులో మామయ్య జోడుతో ఠీవిగా ఉంటే, అత్తయ్య జోడు పిడికిట్లో దాచుకుని, ఎండలోకి చూస్తున్నట్టు కళ్ళు చికిలించి ఉంది. ఈ కొత్త కెమెరాకైతే అసలు అందనేలేదు.

"ఫోనులో అయితే నచ్చకపోతే డిలీట్ కొట్టుకోవచ్చు. ఇందులో పడితే అంతే సంగతులు," అనేది.

"మీ అత్తయ్య సంగతి నీకు తెలీదా? ఫోటో దిగదు, మెట్టూ దిగదు," అనేవాడు మామయ్య నాతో, ఆమెకు వినబడేలా.

ఒకరోజు మధ్యాహ్నం ఒక బస్సు కండక్టరు తన కూతుర్ని తీసుకుని వచ్చింది. డ్యూటీ చొక్కా మీదే ఉంది, భుజానికి టికెట్ల సంచీ. పిల్ల మూడో తరగతి. పేరేమిటని అడిగితే, "పిడుగు అంటేనే పలుకుతుంది లెండి," అంది తల్లి.

"బోర్డు మీది లెక్కలు చూసి రాయట్లేదట, పక్కపిల్ల పుస్తకంలోంచి ఎక్కిస్తోందట. టీచరు పిలిచి చెప్పారు. దీన్నడిగితే అన్నీ కనబడుతున్నాయంటుంది."

"కనబడుతున్నాయి!" అంది పిడుగు.

మామయ్య పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాల అట్ట చూపించాడు. పిల్ల పైనుంచి కిందదాకా ఒక్క తప్పు లేకుండా గడగడా అప్పజెప్పింది. మామయ్య నా వైపు ఒకసారి చూశాడు. అంతకుముందు అదే కుర్చీలో ఒక పెద్దాయన ఆ వరసలన్నీ గట్టిగా చదివినప్పుడు, ఈ పిల్ల స్టూలు మీద కూర్చుని వింటూనే ఉంది. మామయ్య వెళ్ళి అట్టను రెండోవైపుకు తిప్పాడు.

"ఇప్పుడు చదువు తల్లీ."

పిడుగు మళ్ళీ అవే అక్షరాలు, అదే వేగంతో చదివేసింది.

"అవి అంకెలు, తల్లీ," అన్నాడు మామయ్య.

తల్లి నవ్వబోయి ఆగిపోయింది. కూతురి చూపు అంకెలకూ అక్షరాలకూ తేడా తెలియనంతగా తగ్గిందని ఆమెకు అప్పుడే తెలిసింది. సంచీని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

జోడు తయారుచేసింది నేనే. తీసుకోవడానికి వచ్చిన రోజు పిడుగు స్టూలెక్కి కూర్చుని, రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

"నేను పెట్టుకోను. మా క్లాసులో అందరూ సోడాబుడ్డి అంటారు."

"అననీ. పరీక్షలో సున్నా వస్తే ఏమంటారు మరి?" అంది తల్లి.

"అయినా పెట్టుకోను!"

"బలవంతంగా పెట్టి పంపితే బడి గేటు దగ్గరే తీసేసి సంచీలో పడేస్తుందండీ," అని తల్లి అత్తయ్యతో మెల్లగా అంది. "నేను వెంట ఉండి చూడలేను కదా, పొద్దున్నే బస్సెక్కాలి."

అత్తయ్య ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూసింది. "ఇలా రా, ఈ గోడ చూడు. ఎంతమంది పెట్టుకున్నారో!" అని చేయి పట్టుకుని దింపింది. పిడుగు గోడకు ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి, ఒక్కొక్క ఫోటో చూస్తూ నడిచింది. గోడ అయిపోయింది. కౌంటరు వెనక్కి దూరి, షాపు తెరిచిన రోజు ఫోటో దగ్గర మునివేళ్ళ మీద నిలబడింది.

"ఇందులో తాత పెట్టుకున్నాడు. మీరెందుకు తీసేశారు ఆంటీ?"

తాత అన్నందుకు మామయ్య మొహం మాడింది. ఆంటీ అన్నందుకు అత్తయ్య మొహం వెలగాలి, కానీ వెలగలేదు.

"అదా... అద్దాలు మెరుస్తాయని."

"వీళ్ళందరివీ మెరవలేదే?"

మామయ్య దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

"మీకే ఇష్టం లేదు. నాకు మాత్రం అమ్ముతారు," అంది పిడుగు. వెళ్ళి మళ్ళీ స్టూలెక్కి కళ్ళు మూసుకుంది.

నేను చూస్తుండగానే అత్తయ్య చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. తల్లి గడియారం చూసుకుని, "లేవే, ఇంకోసారి వద్దాం," అంది. ఇంకోసారి రారని మా అందరికీ తెలుసు.

"ఆగమ్మా," అంది అత్తయ్య. "ఏమే అమ్మాయ్, ఆ కెమెరా తీసుకురా."

వదిన ఆ రోజు షాపులో లేదు. నేనే కెమెరా తెచ్చాను. అత్తయ్య కౌంటరు పక్కన నిటారుగా నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, చేతులు రెండూ కట్టుకుంది. పిడుగు వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది.

నేను అలవాటుగా, "రెడీ," అన్నాను.

ఆ మాట చెవిన పడగానే అత్తయ్య చేయి పైకి లేచింది. నా వేలు అప్పటికే నొక్కేసింది. కెమెరా గుర్రుమంది.

"అయ్యో, అయ్యో! ఆ కాగితం ఇటివ్వు," అంటూ అత్తయ్య నా మీదికొచ్చింది. మామయ్య ఆమెకంటే ముందే దాన్ని లాక్కుని, షాపుకు అడ్డంగా కట్టిన తీగకు, తనకు తప్ప ఎవరికీ అందనంత ఎత్తున క్లిప్పు పెట్టేశాడు. అందరం తల ఎత్తి చూస్తూ నిలబడ్డాం.

ముందు చీర అంచు వచ్చింది. తర్వాత జుట్టు. ఆ తర్వాత అత్తయ్య మొహం. జోడు ఒక చెవికి వేలాడుతోంది, ఒక అద్దం నుదుటి మీద, ఇంకోటి బుగ్గ మీద. నోరు 'ఓ' అన్నట్టు తెరుచుకుని ఉంది. కండక్టరు చొక్కా కాలరులోకి మొహం దాచుకుని నవ్వింది. మామయ్య దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

"ఏంటి, ఏంటి?" అంది పిడుగు స్టూలు మీంచి, మెడ చాచి. అప్పటికి చేతులు కళ్ళ మీంచి తీసేసింది. కళ్ళు చికిలించి పైకి చూస్తోంది. అచ్చం ఆ పాత ఫోటోలో అత్తయ్యలాగే.

"చూడవే, అదిగో," అంది తల్లి.

"ఇంకా దిగలేదుగా," అంది పిడుగు.

నవ్వులు ఆగిపోయాయి. పిల్ల మాత్రం ఫోటో దిగడం కోసం అలాగే చూస్తూ కూర్చుంది.

అత్తయ్య కిటికీ గట్టు మీది కొత్త జోడు తీసుకుంది. చీర కొంగుతో ఒకసారి తుడిచి పిడుగు ముందు పట్టుకుంది. పెట్టలేదు, ఊరికే పట్టుకుంది.

"దిగింది తల్లీ. మేమంతా చూసేశాం. నువ్వే చూడలేదు."

పిడుగు తల్లివైపు చూసింది, తీగవైపు చూసింది. జోడు తీసుకుని తనే పెట్టుకుంది.

మళ్ళీ తల ఎత్తింది. ఆ తర్వాత స్టూలు మీంచి పడిపోతుందేమోనని తల్లి పట్టుకోవాల్సినంతగా నవ్వింది. "ఆంటీ! మీ జోడు బుగ్గమీద ఉంది! నోరు... నోరు చూడండి!"

"చూశాంలే. ఎన్నిసార్లు చెబుతావు?" అంది అత్తయ్య. కానీ ఆమె కూడా నవ్వుతోంది.

వెళ్ళేటప్పుడు పిడుగు ఆ ఫోటో కావాలంది. ఎవరైనా సోడాబుడ్డి అంటే చూపిస్తుందట. ఏమని చూపిస్తుందో చెప్పలేదు.

"అది బాగా రాలేదమ్మా, ఇంకోటి తీయించి ఇస్తా."

"నాకిదే కావాలి."

అత్తయ్య మామయ్యవైపు చూసింది. ఆయన క్లిప్పు తీసి ఫోటో పిల్ల చేతిలో పెట్టాడు. తల్లీకూతుళ్ళు రోడ్డు దాటుతుంటే, దూరంగా వస్తున్న బస్సు బోర్డును పిడుగు పైకి చదవడం మాకు వినబడింది. తల్లి నడక ఆపి, బస్సు వైపు కాకుండా పిల్లవైపు చూసింది.

తీగ మీద ఖాళీ క్లిప్పు ఊగుతోంది. అత్తయ్య దాన్ని కాసేపు చూసి, జోడు సర్దుకుని, "ఇంకోటి తియ్యవే," అంది. "ఈసారి రెడీ అనకు."

"ఆగు, నేనూ వస్తా," అని మామయ్య జేబులోంచి దువ్వెన తీశాడు.

ఆ ఫోటో ఇప్పుడు గోడకు నడిమధ్యన ఉంది. ఇద్దరికీ కళ్ళజోళ్ళున్నాయి. మామయ్య ఆమె కుడిచేయి గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "ఈ వయసులో ఇంత ప్రేమా!" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, "ప్రేమా పాడా, వదిలితే తీసేస్తుంది," అంటాడు.