ఫజలుద్దీన్ వేళ్లు

జల్లెడను మూడోసారి తట్టి, కింద గుడ్డ మీదికి దిగిన తుపాకిమందును ఫజలుద్దీన్ ఒక డబ్బాలో పోశాడు. జల్లెడలో నిలిచిపోయినదాన్ని ఇంకో డబ్బాలో వంపాడు. కిందికి దిగింది సన్న మందు, బొంబాయి రవ్వంత పలుకు. పైన నిలిచింది ముతక మందు, ఉప్పుడు రవ్వంత. రంగులో మాత్రం రెండూ ఒకటే నలుపు.

కరీంనగర్‌లో మధుసూదన్‌రావు తుపాకుల షాపు వెనకగదిలో, రేకుల కప్పు కింద, ముప్పై రెండేళ్లుగా ఆయన పని అదే. పంట కాపలాకు లైసెన్సు తీసుకున్న రైతుల దగ్గర ఉండేవి నాటు తుపాకులు. గొట్టం మూతిలోంచి మందు పోసి కూరాలి. ఏ తుపాకికి ఏ పలుకో ఫజలుద్దీనే చెప్పాలి. పొడుగాటి పాత గొట్టానికి ముతకది. అది నిదానంగా అంటుకుని గుండును నెడుతుంది. పొట్టిగా, మందంగా ఉన్న గొట్టానికి సన్నది. పాత గొట్టంలో సన్నది పోశారో, ఒక్కసారే భగ్గుమని గొట్టమే చీలుతుంది. పట్టుకున్న చెయ్యి ఉండదు, ఆనించిన చెంప ఉండదు.

తుపాకి భుజాన వేసుకుని బస్సెక్కితే ఊరంతా చూస్తుంది కనక రైతులు గజం ఒక్కటే తెచ్చేవాళ్లు. గజమంటే మందు కూరే ఇనుప కడ్డీ. ఫజలుద్దీన్ దాన్ని జేనలతో కొలిచి, కొసకు అంటిన మసిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, తుపాకి వయసు చెప్పేవాడు. పిల్లను చూపించకుండా జడ చూపిస్తే సంబంధం ఖాయం చేసే రకం అని మధుసూదన్‌రావు ఎగతాళి చేసేవాడు. చేస్తే చేశాడు గానీ, ఈ ముప్పై రెండేళ్లలో ఫజలుద్దీన్ ఇచ్చిన మందుతో ఒక్క గొట్టం చీలలేదు. ఆయన ఇల్లు కట్టలేదు, హజ్‌కు పోలేదు, షాపులో ఎవరి మాటకూ ఎదురు చెప్పలేదు. చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

ఆ మాటకే రెండేళ్లుగా ముప్పు వచ్చిపడింది. చక్కెర జబ్బు వేళ్లలోకి దిగింది. మొదట చీమలు పాకినట్టు ఉండేది, తర్వాత అదీ లేదు. ఒకరోజు భార్య కుబ్రా పొగలు కక్కే చాయ గ్లాసు ఇస్తే చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. వేళ్లు బొబ్బలెక్కాక ఆమె చూసి ఏడ్చింది. కళ్లకూ పొరలు కమ్మాయి. షాపులో తెలిస్తే ఇంటికి పొమ్మంటారని ఎవరికీ చెప్పలేదు. ముతకది కుడివైపు, సన్నది ఎడమవైపు పెట్టుకున్నాడు. అనుమానం ఉంటే చిటికెడు తీసి కాగితం మీద రాల్చేవాడు. ముతకది చిటచిటమంటుంది, సన్నది నోరు మెదపదు.

ఆ ఏడు, ఎనభై ఒకటిలో, భాద్రపదం వానలు తెరిపి ఇవ్వలేదు. ఆ పొద్దున మంథని అవతలి నుంచి అంతయ్య అనే రైతు తడిసిపోయి వచ్చాడు.

"సాబూ, మక్కలు పాలు పోసుకున్నయి. పందులు గుంపుకు గుంపే పడ్తున్నయి. ఇయ్యాల పొద్దుగూకకముందు రెండన్న పేల్చకపోతే చేను దక్కది."

ఫజలుద్దీన్ గజం అందుకున్నాడు. "గిది మీ తాతనాటిది గదా."

"తాతకు తాతనాటిది."

"ముతకదే పొయ్యాలె. సన్నది ఎవ్వలిచ్చిన ముట్టకు."

"నువ్విచ్చినంక నేను చూసుడేంది సాబూ."

కుడివైపు డబ్బాలోంచి తూచి, అలవాటుగా చిటికెడు కాగితం మీద రాల్చాడు. రేకుల మీద వాన డప్పులా మోగుతోంది. ఏమీ వినపడలేదు. అంతయ్య బస్సుకు తొందరపడుతున్నాడు. పొట్లం కట్టి ఇచ్చేశాడు.

బస్సు వెళ్లిన గంటకు, ఊడ్చే రామవ్వ చీపురు మూలన పెడుతూ అంది: "సాబూ, పొద్దుగాల రేకు కారుతుందని నీ డబ్బాలు జరిపిన. ఆ రైతు పోయి వాన తగ్గినంక మళ్ల పాత జాగల పెట్టిన."

"జరిపినప్పుడు ఏది ఎటుదిక్కు పెట్టినవ్?"

"గదేం యాదికుంటది. రెండు ఒక్కతీర్గనే ఉంటయి గద."

ఫజలుద్దీన్ లెక్క వేసుకున్నాడు: డబ్బాలు రెండుసార్లు చోటు మారాయి. ఇప్పుడు డబ్బాలు ఎవరికి చూపించినా లాభం లేదు. పొద్దున కుడివైపు ఏది ఉందో చెప్పగలిగింది ఆ పొట్లం ఒక్కటే. ముందుగదిలోకి వెళ్లి, చుట్టాలింట్లో పరేషాన్ ఉందని మధుసూదన్‌రావుకు చెప్పాడు. అసలు మాట చెప్పకుండానే మంథని బస్సెక్కాడు.

పెద్దపల్లి దగ్గర రైలు గేటు పడింది. బొగ్గు రైలు, ఎంతకీ తెగదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని, తన చేతులు దాన్ని పట్టుకున్నాయో లేదో కళ్లతో చూసుకుని తెలుసుకుంటూ, అల్లాను తలుచుకుంటూ కూర్చున్నాడు. డ్రైవరు బీడీ కాల్చుకుంటున్నాడు. దిగి పరుగెత్తినా లాభం లేదు, అరిచినా లాభం లేదు. మనిషికి ఎంత నిస్సహాయత రావచ్చో ఆ గేటు దగ్గర ఆయనకు తెలిసింది.

మంథని దాటి దిగి, అంతయ్య ఇల్లు అడుగుతూ రెండు మైళ్లు బురదలో నడిచాడు. అంతయ్య భార్య బుచ్చవ్వ వాకిట్లోనే ఎదురైంది.

"చేనుకాడికి పోయిండు సాబూ. ఏందట్ల ఉరికొస్తున్నవ్?"

"చూపియ్యి తల్లీ, జల్ది చూపియ్యి."

ఆమె ముందు, ఆయన వెనక. పొలం గట్లు దాటి, కాలువ దాటి, మక్కజొన్న గుబురులోకి దిగేసరికి తుపాకి పేలింది. ఫజలుద్దీన్ బుచ్చవ్వను దాటుకుని, మోత వచ్చిన దిక్కుకు పడుతూ లేస్తూ పోయాడు.  

అంతయ్య మంచె మీద నిక్షేపంగా ఉన్నాడు. గొట్టం మూతి పొగలు కక్కుతోంది.

"పందులు ఉరికినయి సాబూ. నువ్వేంది ఇటొచ్చినవ్?"

"పొట్లం తియ్యి. మిగిలింది నలిపి చూడు. ముతకదా, సన్నదా?"

అంతయ్య దిగి వచ్చి, చిటికెడు తీసి నలిపాడు. వింతగా చూశాడు. "ముతకదే. నువ్వే ఇస్తివి గద."

ఫజలుద్దీన్ కూడా చిటికెడు తీసుకున్నాడు. నలిపాడు. వేళ్ల మధ్య మందు ఉన్నట్టే తెలియలేదు. తప్పు చేయలేదన్న సంతోషం రావాలి, రాలేదు. తప్పు చేసినవాడు దిద్దుకుంటాడు. ఒప్పో తప్పో తెలియనివాడు ఏం దిద్దుకుంటాడు?

"నా చేతుల ఏళ్లు సచ్చిపోయినయి అంతయ్యా" అన్నాడు. కుబ్రాకు తప్ప ఎవరికీ తెలియని మాట అది. అంతయ్య ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లు తిప్పి చూశాడు.

బుచ్చవ్వ చూపు మాత్రం కిందికి పోయింది. "సాబూ, నీ ఎడమకాలి చెప్పు ఏది?"

ఫజలుద్దీన్ వంగి చూసుకున్నాడు. చెప్పు ఎక్కడో బురదలో దిగబడింది. వట్టికాలిలో తుమ్మముల్లు సగందాకా దిగి, రక్తం కారుతోంది. నడిచినంతసేపూ ఆయనకు తెలియనే లేదు. బుచ్చవ్వ ముల్లు లాగి, ఆకుపసరు పిండి, కొంగు చింపి కట్టింది. నొప్పికి కళ్లు చెమర్చింది ఆమెకే. ఆఖరి బస్సు దొరకబుచ్చుకుని ఆయన వెళ్లిపోయాడు.

ఆ పుండు మానలేదు. కాలి వేళ్లు నల్లబడ్డాయి, నలుపు మడమ దాకా పాకింది. కాలు తీసేయాలని డాక్టర్లన్నారు. అంతదాకా పోలేదు, దసరాకు రెండు రోజుల ముందు తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు కుబ్రా లేపితే ఆయన లేవలేదు.

ఆ సంగతి అంతయ్యకు తెలియదు. మక్కలు కోస్తుంటే కాలువ పక్కన చెప్పు దొరికింది. కడిగి, ఆరబెట్టి, తువ్వాలలో చుట్టుకుని, గజంతో పాటు కరీంనగర్ తీసుకుపోయాడు. వెనకగదిలో ఎవరూ లేరు. మధుసూదన్‌రావు చావు కబురు చెప్పి, రెండు డబ్బాలూ ముందుకు జరిపి, "ఏది కావాలె నీకు, ముతకదా, సన్నదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎన్నడూ రైతును అడిగినవాళ్లు లేరు. అంతయ్య మందు తీసుకోకుండానే బస్సెక్కాడు. చెప్పు ఫజలుద్దీన్ ఇంటివాళ్లకు ఇవ్వడానికి మనసొప్పలేదు, పారేయడానికి చేతులు రాలేదు.

అంతయ్య మంచె గుంజకు కొట్టిన మేకుకు ఎడమకాలి చెప్పు ఒకటి చాలాకాలం వేలాడింది; బొటనవేలు ఆని పడ్డ గుంట దాంట్లో అలాగే ఉంది.