దూరంగా వెనకాల రమ్మన్నడు

గోదారికి రెండో హెచ్చరిక వచ్చిన పొద్దున నాగలత లైబ్రరీలో కింది అరల పుస్తకాలు అటక మీదికి మోస్తున్నది. అవుట్‌సోర్సింగ్ అటెండర్. "దుమ్ము దులిపి పైన పెట్టు చాలు, చదువుడు నీ డ్యూటీ కాదు" అన్నడు లైబ్రేరియన్ సారు. అన్నందుకే ఒకటి తెరిచింది. రోమ్ దేశపోళ్ల పాత కావ్యమంట, రెండువేల ఏండ్లదంట, తెలుగు వచనంలో రాసిండ్రు. నిచ్చెన మీదనే నిలబడి పది పేజీలు చదివింది.

ఊరు తగలబడుతుంటది. వీరుడు ముసలి తండ్రిని భుజాల మీద ఎక్కించుకుంటడు, కొడుకు చెయ్యి పట్టుకుంటడు. పెండ్లాన్ని మాత్రం దూరంగా వెనకాల రమ్మంటడు. ఊరి బయట అందరూ కలిసినంక చూస్తే ఆమె లేదు. అప్పటిదాక ఒక్కసారన్నా వెనక్కి తిరగలేదని తనే చెప్పుకుంటడు. వీరుడంట! వెతకబోతే ఆమె దయ్యమై కనిపించి, ఏడవకు, నీకు ఇంకో చోట రాజ్యమున్నది, ఇంకో పెండ్లామున్నది అని ఓదారుస్తది.

చచ్చింది ఆమె. ఓదార్చేదీ ఆమెనే. నాగలతకు భయం అక్కడ పట్టుకున్నది. తనూ అట్లనే చేస్తది కాబట్టి. పోయిన వరదకు మొగుడు బలరాం తండ్రినీ కొడుకునూ బండెక్కించుకొని పోయిండు. తను బియ్యం మూట నెత్తిన పెట్టుకొని నడుములోతు నీళ్లల్ల వెనక నడిచింది. కాలు జారి, కరెంటు స్తంభాన్ని కరుచుకొని ఎంతసేపున్నదో తెలియదు. శిబిరానికి చేరితే మొగుడన్న మొదటి మాట: "ఇంతసేపేందే? నాయన బీపీ గోళీలు నీ దగ్గర్నే ఉండె." తనేమన్నది? తప్పైందన్నది! ఆ స్తంభం దగ్గర్నే పోయుంటే దయ్యమై వచ్చి, గోళీలు బియ్యం మూటల ఉన్నయయ్యా, పొద్దున ఒకటి, మాపున ఒకటి అని చెప్పి మరీ పోయేది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికొచ్చేసరికి నీళ్లు వాకిట్ల ఉన్నయి. మామ పిచ్చయ్య, కొడుకు నాని గడప మీద తయారుగా నిలబడ్డరు. బలరాం బండి తాళంచెవి కోసం చెయ్యి చాపిండు.

"జల్దీ ఇయ్యి. సామాను సర్దుకొని నువ్వు వెనకాల రా."

"నాకు భయమైతున్నది."

పన్నెండేండ్ల కాపురంల ఆ మాట బయటికి వచ్చుడు అదే మొదలు. మామ నవ్విండు. "గోదారొడ్డున పుట్టినదానివి, నీళ్లంటే భయమేందమ్మా?"

"నీళ్లంటే కాదు మామా."

తాళంచెవి ఇయ్యలేదు. బండి మీంచి దిగలేదు.

"మామా, వెనక ఎక్కు. నానీ, ముందు నిలబడు. సామాను మీ డాడీ తెస్తడు."

"నేనా?" బలరాం వాకిలి దిక్కు చూసిండు. "ఒక్కణ్ణే? ఈ నీళ్లల్ల?"

ఆ మొహం నాగలతకు తెలుసు. ఇన్నేండ్లు అది తనదే.

బండి స్టార్ట్ చేసింది.

"భయపడకు," అన్నది. "నేను వెనక్కి చూసుకుంటనే పోత."