కిషన్ బండి తెర మీద నాయిన

రోజూ పొద్దున ఏడింటికి కిషన్ గోదావరిఖని కాలనీలో పదకొండు మంది పిల్లలను బడి వ్యాన్‌లో ఎక్కించుకుంటాడు. సందు చివర ఖాళీ జాగలోకి రివర్స్ తీసి బండి తిప్పుకుంటాడు. ఆ జాగ కింద ఎప్పుడో మూతబడ్డ బొగ్గు బాయి ఉంది.

వ్యాన్‌కు వెనుక కెమెరా ఉంది, బొమ్మే రాదు. డ్రైవరు ముందరి తెరదాకా వేసిన వైరును ఎలుకలు మూడుసార్లు కొరికాయి. భార్య శోభ వండే పప్పును కూడా కిషన్ అంత ఇష్టంగా తినడు.

"సోమవారం నేనే ఎక్కి చూస్త. వెనుక కనపడకుంటే నీ బండి బంద్," అంది బడి బండ్ల సంగతి చూసే సుసన్నా టీచర్.

అందుకే ఆదివారం మెకానిక్ ప్రశాంత్ కిషన్ ఇంటికి వచ్చి వైరు లేకుండా బిగించాడు. కెమెరా దగ్గర ఒక డబ్బా, తెర దగ్గర ఇంకో డబ్బా. బొమ్మ గాలిలో రావాలి. వచ్చింది కూడా. కాకపోతే బండి వెనుకున్న ఇంటి గోడ బదులు బాయి లోపలి సొరంగం వచ్చింది. అందులో, ఒకప్పుడు ఆ బాయిలో పనిచేసి ఆరేళ్ల కింద చనిపోయిన కిషన్ నాయిన లింగమూర్తి టోపీ లైటు పెట్టుకుని సద్ది తింటున్నాడు.

"బొమ్మ సాఫ్‌గనే ఉన్నదన్నా," అన్నాడు ప్రశాంత్.

"నాకు గోడ కావాలె, నాయిన కాదు. మల్ల కలుపు."

నాలుగుసార్లు ఊడదీసి కలిపారు. నాలుగుసార్లూ నాయినే. నాలుగోసారికి చెయ్యి కడుక్కుంటున్నాడు. కిషన్ స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు. తల్లి ఐలవ్వ చాయ్ తెచ్చి తెరలోకి తొంగిచూసింది.

"బక్కగయిండు. ఇంకా మొదటి షిఫ్టేనా ఈయనకు?" అని గ్లాసు పెట్టి పోయింది.

సోమవారం టీచర్ ముందు సీట్లో కూర్చుంది. పిల్లలు ఎక్కారు. సందు చివర కిషన్ రివర్స్ వేయగానే తెరలో నాయిన లేచి, తల తిప్పుతూ టోపీ లైటు అడ్డంగా ఊపాడు. బాయిలో అడ్డంగా ఊపితే ఆగుమని, నిలువుగా ఊపితే పొమ్మని.

"బతికినన్ని రోజులు గిదే," కిషన్ పళ్లు కొరికాడు. "శోభను చేసుకుంటనంటే వద్దు. బండి కొంటనంటే వద్దు. ఇప్పుడు రివర్స్ గూడ వద్దట."

క్లచ్ వదలబోయాడు. నాయిన లైటు చేతిలోకి తీసుకుని ఇంకా గట్టిగా ఊపాడు. ఎప్పుడు వద్దన్నా ఆ ముఖంలో కోపమే ఉండేది. ఇవ్వాళ భయం ఉంది. కిషన్ కాలు బ్రేకు మీద పడింది.

వెనుక ఖాళీ జాగ, తుమ్మచెట్టుతో సహా, భూమిలోకి దిగిపోయింది. పదకొండు మంది పిల్లలూ ఒక్కసారే నోళ్లు మూసుకున్నారు. బడి వ్యాన్‌లో ఎన్నడూ జరగని ముచ్చట.

టీచర్ దుమ్మును చూసింది, తెరను చూసింది, పుస్తకంలో రాసుకుంది: కెమెరా పనిచేస్తున్నది.

"సాయంత్రం ప్రశాంత్‌తోని గోడ వచ్చేటట్టు చేయిస్త మేడం," అన్నాడు కిషన్.

"గోడకేంది కిషన్, మెడ తిప్పి చూసుకో. ఆ కెమెరాను మాత్రం ముట్టకు."

అతను ముందు గేరు వేశాడు. తెరలో నాయిన లైటు నిలువుగా ఊపాడు. కొడుకు పెండ్లికి కూడా అట్లా ఊపలేదు.