లేచిన రోజున పక్కన ఎవరు

చర్చి సమాధుల తోటలో ఇక చోటు చాలదని తేలాక, సంఘపెద్దలు కూర్చుని మిగిలిన స్థలాలను కుటుంబాలవారీగా పంచి, ఆ జాబితాను నోటీసు బోర్డుకు అంటించారు. ప్రభువు సమాధిలోంచి లేచిన పునరుత్థాన పండుగకు సరిగ్గా వారం ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక, జనం పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్ళలా దాని ముందు మూగారు. దర్జీ కొట్టు నడిపే పెద్దకోడలు కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి వరుసగా చూసుకుంటూ వచ్చి, ముప్పై ఏడో నంబరు దగ్గర ఆగింది. అది తనది. ముప్పై ఎనిమిది తన తోడికోడలిది.

"పోయాక కూడా నాకు ప్రశాంతత లేదన్నమాట" అంది పైకే.

ఆ ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. సంఘంలో పెద్దకోడలిని చాటుగా కత్తెర అనేవారు. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే చిన్నకోడలిని సూది అనేవారు. కత్తెర విడదీస్తే సూది కలుపుతుందంటారు గానీ, ఈ సూది కుట్టే రకం కాదు, గుచ్చే రకం. చర్చిలో ఒకరు కుడివైపు బెంచీల్లో కూర్చుంటే ఇంకొకరు ఎడమవైపు. అన్నదమ్ములు మాత్రం ఆరాధన అయ్యాక సైకిళ్ళ షెడ్డు వెనక దొంగల్లా కలుసుకుని క్షేమసమాచారాలు చెప్పుకునేవారు.

తగవంతా అత్తగారి సమాధి రాయి దగ్గర మొదలైంది. అత్తగారు ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన పంతులమ్మ. ఆవిడ పోయాక రాయి చెక్కించే పని చిన్నకోడలు చూసుకుంది. తీరా నిలబెట్టిన రోజున చూస్తే, అడుగున 'ప్రేమతో, కొడుకులు, కోడలు' అని ఉంది. కొడుకులేమో ఇద్దరు. కోడలు ఒక్కతే.

"అయితే నేనెవర్ని? పక్కింటిదాన్నా?" అని పెద్దకోడలు అందరి ముందూ కడిగేసింది. చిన్నకోడలు మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. అదే ఆఖరి మాట.

జాబితా చూసిన మర్నాడే పెద్దకోడలు అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. అయ్యగారు కుర్రవాడు, ఈ సంఘానికి వచ్చి నాలుగు నెలలే అయింది. ఇక్కడ ఇదే మొదటి పండుగ ప్రసంగం కావడంతో బల్లంతా నలిపి పారేసిన కాగితాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"అయ్యగారూ, ఒక్క ముక్క చెప్పండి. ఆఖరి రోజున పూడ్చిన చోటు నుంచే లేస్తామా?"

ఇన్నాళ్ళకు ఒకరు ఇలాంటి ప్రశ్న అడిగారని అయ్యగారి మొహం వెలిగిపోయింది. "అలాగే నమ్ముతామమ్మా. శరీరాలతోనే లేస్తాం. అయితే అది మహిమ శరీరం..."

"మహిమ సంగతి తర్వాత. కళ్ళు తెరవగానే పక్కనున్నవాళ్ళే కనబడతారా?"

"బహుశా."

"అందుకే వచ్చాను. మా తోడికోడలి మొహం చూస్తూ నేను లేవను. నా స్థలం మార్పించండి."

అయ్యగారు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. "మార్చినా, ఆ తర్వాత పరలోకంలో కలిసే ఉండాలి కదమ్మా?"

"అది పెద్ద ఊరు కదండీ. ఆవిడో వీధి, నేనో వీధి."

అయ్యగారు కలం కింద పెట్టాడు. "ప్రభువు లేచాక ఏం చేశాడో ఎప్పుడైనా గమనించారా? శిక్ష వేసిన అధికారి తలుపు తట్టలేదు. పారిపోయిన స్నేహితుల్నే వెతుక్కుంటూ తిరిగాడు. ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు అన్నవాడికి, ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి, పొద్దున్నే తిండి పెట్టాడు. లేవడమంటే ఎప్పుడో జరగబోయేదే కాదమ్మా. తెగిపోయిన చోటికి ఇవాళ తిరిగి వెళ్ళడం కూడా లేవడమే."

"ఆయన దేవుడి కొడుకు, చేయగలడు. నాది దర్జీ కొట్టు" అని పెద్దకోడలు లేచి వచ్చేసింది.

వచ్చేసిందే గానీ ఆ మాట ఆవిణ్ణి వదల్లేదు. ఆ వారమంతా చేతులు ఒకచోట, మనసొకచోట. ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టింది. బస్సు డ్రైవరైన భర్తతో స్థలం గొడవ చెబితే, "పోయినవాడికి కిటికీ పక్క సీటెందుకే? నన్నెక్కడ దింపినా సరే" అని అటు తిరిగి పడుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ మెడలో టేపు అలాగే వేసుకుని సమాధుల తోటకు వెళ్ళింది. రెండు స్థలాల మధ్య ఎంత దూరముందో కొలిచి, కనీసం ఓ గోడైనా కట్టించుకుందామని. అప్పటికే అక్కడ చిన్నకోడలు నిలబడి, చెవులు సరిగా వినబడని ముసలి కాపరితో అరుస్తోంది.

"ముప్పై ఎనిమిది కాకుండా ఇంకోటి లేదా అంటున్నాను!"

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. తను ఆవిణ్ణి వద్దనుకోవడం వేరు. ఆవిడ తనను వద్దనుకోవడమా!

"మురుగుకాలవ పక్కన ఒకటుందమ్మా. వానొస్తే నీళ్ళు నిలుస్తాయి" అన్నాడు కాపరి.

"ఆవిడకే ఇవ్వండి" అంది పెద్దకోడలు వెనకనుంచి. "నాకసలే మోకాళ్ళ నొప్పులు."

"నాకు తేమ పడదని ఆవిడకి చెప్పండి" అంది చిన్నకోడలు, తిరిగి చూడకుండా.

కాపరి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ముప్పై ఏళ్ళుగా మాట్లాడనివాళ్ళ మధ్యే బతుకుతున్నాను. మీకంటే వాళ్ళే నయం, గొడవ పెట్టరు" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక మధ్యవర్తి లేడు. ఎదురుగా అత్తగారి రాయి. చిన్నకోడలు ఆ రాయితోనే చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"కాగితం మీద కోడళ్ళు అనే రాసిచ్చాను. ళ కింద వత్తు పెడితే అంచున చెక్కిన ఆ పూలతీగ మీద పడుతుందని చెక్కేవాడు లు పెట్టేశాడు. చదివితే రెండూ ఒకలాగే ఉంటాయన్నాడు."

"పూలతీగకి చోటుంది గానీ నాకు లేదా! ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"నలుగురిలో అలా కడిగేస్తే ఏం చెప్పను?" అంది చిన్నకోడలు. "అదొక్కటే కాదు. నిలబెట్టడానికి రెండ్రోజుల ముందే చూశాను. మార్పించొచ్చు. మార్పించలేదు. ఆఖర్లో అత్తయ్యకి పక్క మార్చింది, స్నానం చేయించింది నేనేగా అనిపించింది. అలా ఒక్క కోడలు అని ఉండడం చూస్తే, లోపల బాగానే ఉందక్కా."

పెద్దకోడలు భగ్గుమనాల్సింది. కానీ టేపు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నాకు తెలుసు" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"పూలతీగ సంగతి. ఆ చెక్కేవాడి కూతురికి గౌను కుట్టినప్పుడు చెప్పాడు. ఆరేళ్ళయింది."

"తెలిసీ మాట్లాడలేదా!"

"అప్పటికి కోపం అలవాటైపోయిందే. మానేస్తే ఏం తోచదేమో అనిపించింది." ఆవిడ వేలికి చుట్టిన టేపు విప్పేసింది. "నువ్వు చేసిన సేవ నేను చూడలేదా? వారానికోసారి పళ్ళు పట్టుకొచ్చి కుర్చీలో కూర్చుని పోయేదాన్ని. అందుకే కాబోలు, ఆ రాయి అంత గుచ్చుకుంది."

చిన్నకోడలు ముక్కు తుడుచుకుంది. "ఆ టేపెందుకు తెచ్చావు?"

"మన మధ్య దూరం కొలుద్దామని."

ఒక కొస ఈవిడ, ఒక కొస ఆవిడ పట్టుకుని కొలిచారు. "రెండడుగుల మూడంగుళాలు" అంది పెద్దకోడలు. "నువ్వు లావయ్యావు. ఇంకా తగ్గుతుంది."

రాళ్ళు చెక్కేవాడి కొట్టు గేటుకు ఎదురుగానే ఉంది. ఇద్దరూ కలిసి రావడం చూసి అతను ఉలి వదిలేసి లేచి నిలబడ్డాడు. నల్లరాతి మీద పడ్డ అక్షరం చెరపడం తన వల్ల కాదన్నాడు. కావాలంటే పక్కన ఒకటి చేరుస్తానన్నాడు. వాళ్ళతో సమాధి దగ్గరికొచ్చి, గంటసేపు టకటకలాడించి పక్కకు తప్పుకున్నాడు. ఇప్పుడు రాయి మీద 'కొడుకులు, కోడలులు' అని ఉంది.

తోడికోడళ్ళిద్దరూ దాన్ని చాలాసేపు చూశారు.

"అత్తయ్య లేచిందంటే ముందు ఎర్రసిరా అడుగుతుంది" అంది చిన్నకోడలు.

"అడగనీ. ఇద్దరం పక్కనే ఉంటాంగా, కలిసే చీవాట్లు తిందాం" అంది పెద్దకోడలు.

అని నవ్వబోయి, ఎందుకో నవ్వలేకపోయింది. చిన్నప్పటినుంచీ ప్రతి పండుగకూ విన్న మాటే. పోయినవాళ్ళు లేస్తారని. కానీ అత్తగారు నిజంగానే లేచి, కళ్ళజోడు వెతుక్కుని, తమ ఇద్దరి వంకా చూస్తుందని ఆ పూటే మొదటిసారి అనిపించింది. భయం వేయలేదు.

మర్నాడు తెల్లవారే ఆరాధనకు జనం కిక్కిరిసిపోయారు. కుడివైపు మూడో బెంచీలో పెద్దకోడలు తన పక్కన సంచీ పెట్టి చోటు ఆపింది. "ఇది ఎవరికి?" అని అడిగినవాళ్ళకల్లా, "మా చెల్లెలికి" అని చెప్పింది. అడిగినవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నకోడలు ఎప్పటిలాగే ఆలస్యంగా, జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి కూర్చుంది. పండుగపూటైనా పెందలాడే లేవవా అంటూ పెద్దకోడలు మొదటి కీర్తన అయ్యేదాకా గొణుగుతూనే ఉంది. చిన్నకోడలు ఆ గొణుగుడు వినబడకుండా ఇంకా గట్టిగా పాడింది.