మా ఇంటికీ తోడికోడలి ఇంటికీ నడుమ

మా ఇంటి ముందు పెద్ద రోడ్డు, దానికి అవతల మా తోడికోడలి ఇల్లు. ఒకే వంటింట్లో కాపురం మొదలుపెట్టి, పొయ్యి దగ్గర పోట్లాడుకుని వేరుపడినవాళ్లం మేము. వేరుపడ్డాక మాత్రం ఒకరి మొహం ఒకరు చూడందే ముద్ద దిగదు. రోజూ సాయంత్రం రోడ్డు మధ్య గట్టులో ఉన్న సందులోంచి దాటి వెళ్లి, తనివితీరా తగువులాడి వస్తాను. ఇప్పుడు ఆ రోడ్డును వెడల్పు చేస్తారట, సందు మూసేస్తారట.

ఆ మాట చెప్పడానికే ఒక కుర్ర ఇంజినీరు మా వాకిట్లో మీటింగు పెట్టాడు.

పక్కింటి టైలరు ముందుగా లేచాడు. "దుమ్ము సార్! తెల్ల చొక్కా కుట్టి ఇస్తే, పెళ్లికొడుకు బూడిదరంగు ఎందుకు కుట్టావని కొట్టబోయాడు."

పంక్చర్ల కొట్టు ఆయన గొంతు సవరించుకున్నాడు. "రోడ్డు వేసుకోండి సార్, గుంతలు మాత్రం పూడ్చకండి. నా పిల్లల చదువులన్నీ వాటి మీదే."

నా వంతు వచ్చింది. "సందు మూస్తే మా తోడికోడలి దగ్గరికి నేనెలా వెళ్లాలి బాబూ?"

"ముందుకెళ్తే యూటర్న్ ఉంటుందమ్మా. కారులో ఎంతసేపు!"

"కారు నువ్వు కొనిపెడతావా నాయనా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, ప్లాను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా మాట అందులో రాసుకోనేలేదు.

అంతలో రోడ్డు మీద ఒకటే హారన్లు.

సంగతేమిటంటే, మా తోడికోడలికి చెవులు వినపడవు. ఫోను ఉన్నా అలంకారమే. అందుకని నాకు ఒంట్లో బాగోకపోతే గేటుకు ఎర్ర గుడ్డ కట్టాలని ఎప్పుడో అనుకున్నాం. మీటింగుకు కాస్త ముందు ఇంజినీరు మనుషులు రోడ్డు ఎక్కడిదాకా వస్తుందో గుర్తుకోసం మా గేటుకు ఎర్ర గుడ్డ కట్టిపోయారు. నేను చూడలేదు. ఆవిడ చూసింది.

చెప్పులైనా వేసుకోకుండా, లారీలకు చెయ్యి అడ్డం పెట్టి వచ్చేసింది. డ్రైవర్లు తిట్టిన తిట్లు వినపడలేదు కాబట్టి ఆవిడకు ఏ బాధా లేదు. వాకిట్లో ఇంతమందిని చూసి ఘొల్లుమంది.

"అయ్యో అక్కా! చెప్పకుండానే పోయావా!"

"ఏమే, కళ్లు కూడా పోయాయా? నీ ఎదురుగానే ఉన్నాను!" అని చెయ్యి ఊపాను.

నన్ను తేరిపార చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "బతికుండి గుడ్డెందుకు కట్టావు? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను!"

ఇంజినీరు గేటు వైపు చూసి తెల్లబోయాడు. "అది మావాళ్లు కట్టిందమ్మా. పదండి, నేను రోడ్డవతల దింపి వస్తాను."

ఆవిడను దింపడమైతే దింపాడు. తిరిగి రావడమే చేతకాలేదు. ఒక కాలు ముందుకు వేస్తాడు, బస్సు వస్తుంది, వెనక్కి లాక్కుంటాడు. చూడలేక నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని నడిపించాను. మధ్య గట్టు మీదికి రాగానే ఆగిపోయాను.

"పదండమ్మా," అన్నాడు, ఇటు లారీలను, అటు బస్సులను చూస్తూ.

"మా దారి సంగతేమిటి?"

"పైన వంతెన వేయిస్తే మెట్లెక్కగలరా?"

"మా మోకాళ్లను అడుగు."

"అయితే రోడ్డు కిందనుంచి, మెట్లు లేకుండా దారి కావాలని రాస్తాను. ముందు దాటించండి."

చెయ్యి వదిలేశాను. "ఇక్కడే రాయి నాయనా. నాకేం తొందర లేదు."

పక్కనుంచి లారీ ఒకటి రయ్యిమని పోయింది. పిల్లవాడు గబగబా ప్లాను తీసి, మోకాలి మీద పెట్టుకుని గీత గీశాడు. నేను వంగి చూశాను. చక్కగానే ఉంది.

"మధ్యలో ఒక అరుగు కూడా గియ్యి బాబూ," అన్నాను. "నిలబడి ఎంతసేపని పోట్లాడుకుంటాం?"