కొక్కేనికి వేలాడిన ముఖం

నేను ఒక ముఖపు తొడుగును. పుట్టినప్పుడు నాకు ఏ ముఖమూ లేదు. జల్లెడలా చిల్లులున్న తెల్లటి పలకను, అంతే. వేడినీళ్ళ తొట్టెలో ముంచితే మెత్తబడతాను. అప్పుడు నన్ను బల్ల మీద పడుకున్న మనిషి ముఖం మీద పరిచి అదుముతారు. చల్లారేసరికి ఆ ముక్కు, ఆ గడ్డం, ఆ చెంపల గుంటలు నావైపోతాయి. క్యాన్సరు పుండు మీద కిరణాలు పడేటప్పుడు తల కదలకుండా పట్టి ఉంచడం నా పని. ఆ వైద్యాన్ని ఇక్కడి జనం ‘కరెంటు పెట్టడం’ అంటారు.

నన్ను చేసినవాళ్ళు మనిషికొక తొడుగు అనుకున్నారు. సముద్రం పక్కనున్న ఈ ఆసుపత్రికి అంత భాగ్యం లేదు. ఒకరి వైద్యం ముగియగానే నన్ను మళ్ళీ వేడినీళ్ళలో వేస్తారు. పాత ముఖం కరిగిపోయి మళ్ళీ పలకనవుతాను. మనుషులు దీన్ని పొదుపు అంటారు. నాకు మాత్రం సిగ్గుగా ఉంటుంది. ముఖాలు పోతాయిగాని విన్న మాటలు పోవు మరి.

దానయ్యమ్మ మాటలే చూడండి. ఆమె చేపలమ్ముకునే మనిషి. చిన్నప్పటినుంచీ అడ్డ చుట్ట కాల్చేది. అంటే, వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఒడ్డు గాలికి నిప్పు ఆరదని వాళ్ళమ్మే నేర్పిందట. అంగిట్లో పుండు లేస్తే ఎవరికీ చెప్పలేదు. నెత్తిమీద చేపల గంప ఉండగా నోటి వాసన ఎవరు కనిపెడతారు? పులుసు మింగలేక కంచం తోసేసిన రోజునగాని మొగుడు ఎర్రయ్యకు తెలియలేదు. అప్పటికే పుండు ముదిరింది.

మొదటి రోజు నన్ను ఆమె ముఖం మీద బిగించబోతుంటే నవ్వింది.

“ఇన్నాళ్ళూ సేపల్ని వల్లో ఏసినాను బాబూ. ఇయాల నా మొకమే వల్లో పడింది.”

టెక్నీషియన్ భానోజీ కూడా నవ్వాడు. “కదలకమ్మా. చేపలాగా గిలగిల్లాడితే కిరణం పక్కకి పోద్ది.”

రోజూ బస్సులో వచ్చేది. ఒక్కోసారి ఇంత దూరం వచ్చాక, మిషను చెడిందని వెనక్కి పంపేవాళ్ళు. రానురాను చెంపలు లోపలికి పోయి నేను వదులైపోయాను. కిరణాల వేడికి మెడ మీద చర్మం మాడిన అట్టులా నల్లబడింది. నోరంతా పూసి మంచినీళ్ళు కూడా మంటెత్తేవి. అయినా ఆమె ఏడ్చింది ఆ మంటకు కాదు.

“బస్సులో నా పక్కన ఎవులూ కూకోరు బాబూ. నిన్న ఒకావిడ సేప సేతిలోకి తీసుకుని, నా మెడ సూసి, ‘ఇది అంటుకుంటాదేటే?’ అని గంపలో పడీసింది. బాగా సదూకున్నావిడే.”

మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఆమె పేరు చీటీతో నేను కొక్కేనికి వేలాడాను. భానోజీ ఫోన్ చేస్తే ఎర్రయ్య ఎత్తాడు. “కొంగు కప్పుకుని గోడేపు తిరిగి పడుకుంటంది బాబూ. నానేటి సెయ్యను? కరెంటుకి నోరు కాలిపోనాదని ఊళ్ళో ఆడోళ్ళు ఏడిపించేత్తన్నారు.”

“అది తగ్గిపోతాదయ్యా! మధ్యలో ఆపితే పుండు మళ్ళీ లేస్తాది. ఎలాగోలా తీసుకురా.”

భానోజీ ఎదురుచూశాడు పాపం. ఈలోగా గొంతులో గడ్డతో ఒక కుర్రాడొచ్చాడు. కొత్త పలకలు రాలేదు. ఎప్పుడొస్తాయో చెప్పగలిగిన వాళ్ళూ లేరు. భానోజీ నన్ను కొక్కెం మీంచి తీసి, తొట్టె దగ్గర నిలబడి, మరోసారి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ముఖం అటు తిప్పుకుని నన్ను నీళ్ళలోకి వదిలాడు. దానయ్యమ్మ ముక్కు, గడ్డం, ఆ చెంపల గుంటలు ఒక్కొక్కటే సాపైపోయాయి.

ఆ మర్నాడే ఆమె వచ్చింది. కొంగు కప్పుకోలేదు. నల్లబడ్డ మెడతో, తలెత్తుకుని, కూతురు చిలకమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది.

“ఇది అడ్డ సుట్ట ఎలిగించింది బాబూ, నా కళ్ళముందే. కొట్టాలని సెయ్యెత్తినాను. మరేటి సెప్పి కొడతాను? అందుకే నోరు తెరిసి సూపించినాను. ఇంటాయనకి కూడా ఎప్పుడూ సూపించనేదు. అది సూసి సుట్ట పారీసి, నన్ను లాక్కొచ్చింది.” ఊపిరి తీసుకుని అడిగింది. “నా మొకం ఏదీ?”

భానోజీ నేల చూపులు చూశాడు. ఇన్నాళ్ళూ ఆమె తల దించుకునేది, ఇప్పుడు అతని వంతు. లోపల బల్ల మీద కుర్రాడి ముఖానికి బిగిసి నేనున్నాను. తెరిచిన తలుపులోంచి ఆమె నన్ను చూసింది, గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? నేనిప్పుడు మరొకరి ముఖాన్ని.

“కొత్తవి రాలేదమ్మా,” అన్నాడు. “నీది... ఆ కుర్రాడికి పెట్టేశాను.”

చిలకమ్మ కోపంగా ఏదో అనబోయింది. తల్లి చెయ్యి నొక్కి ఆపింది. కుర్రాడి వైపు చాలాసేపు చూసింది.

“పోనీలే. ఆడి కరెంటు రోజులన్నీ అవనీ. అయ్యాక నాకియ్యండి,” అని బయట బల్ల మీద కూర్చుంది. “ఈపాలి ఎల్లిపోను. ఇక్కడే కూకుంటాను.”

లోపల మిషను మొదలైంది. కుర్రాడి తల కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. నేను పట్టుకోవలసిన తల ఇంకొకటి తలుపవతల ఉంది.