హెదర్ ముక్కు మీద కుంకుమ

పొద్దుటి నుంచీ మంగళ కిటికీకీ వంటింటికీ మధ్య తిరుగుతోంది. అత్తగారు శ్యామసుందరిని చూడటానికి ఇక్కడి గవర్నమెంటు తరఫున హెదర్ అనే తెల్లావిడ వస్తోంది. స్నానం చేయించడానికి రోజూ ఒక మనిషిని ఇంటికి పంపాలా, పెద్దావిడను నర్సింగ్ హోమ్‌లో చేర్చమనాలా అన్నది ఆవిడే తేలుస్తుంది. మంగళ డ్యూటీకి పోతే ఇంట్లో మిగిలేది మామగారు. ఆయన్ని కుర్చీలోంచి లేపాలంటేనే ఇద్దరు కావాలి.

కిందటిసారి ఒకాయన వస్తే పెద్దావిడ పట్టుచీర కట్టుకుని, జంతికలు పెట్టి, "నాకేం నాయనా, గుండ్రాయిలా ఉన్నాను" అంది. ఆయన జంతికలన్నీ తిని, ఏ సాయమూ అక్కర్లేదని రాసి పోయాడు. ఆ వారమే ఆవిడ బాత్రూంలో జారిపడింది.

"ఈసారి ఏదీ చేతకాదని చెప్పండి అత్తయ్యగారూ, మీకు పుణ్యముంటుంది!"

"పరాయివాళ్ల ముందా? పరువు పోదుటే?"

"మళ్లీ పడి తుంటి విరిగితే? ఆపరేషన్ చేశాక మత్తు దిగకపోతే?"

"మామ్, స్టాప్ ఇట్!" అంది కూతురు రుచిత.

హెదర్ వచ్చేసరికి శ్యామసుందరి పాతచీరలో, మంచం మీద వెల్లకిలా, కళ్లు మూసుకుని ఉంది. నడవగలరా అంటే మూలిగింది. తినగలరా అంటే ఇంకా గట్టిగా మూలిగింది. పేరేమిటన్నా మూలుగే.

"షీ సేస్ నో," అని రుచిత నవ్వాపుకుంటూ చెప్పింది.

హెదర్ ముఖం దిగాలుపడింది. ఇలాగైతే నర్సింగ్ హోమే మంచిదేమో అంది.

ఆ ఒక్క ముక్క పెద్దావిడకు బాగానే అర్థమైంది. "నేనెక్కడికీ పోను!" అంటూ చటుక్కున లేచి కూర్చుంది. హెదర్ చేతిలోని పెన్ను ఎగిరిపడింది.

అయిపోయింది, మోసం కేసు పెట్టి అందరినీ లోపలేస్తారు అనుకుంది మంగళ.

ఏం రాయాలో తోచక హెదర్ సంచీ సర్దుకుని లేచింది.

"ఆగమనవే! ఇంటికొచ్చిన ఆడపిల్ల బొట్టు లేకుండా పోతుందా?"

శ్యామసుందరి గోడ పట్టుకుని లేచి కుంకుమభరిణె అందుకుంది. మూత రాలేదు. రుచిత తీసిచ్చింది. నుదుటి మీద పెట్టబోతే చెయ్యి వణికి వేలు కనుబొమ్మకు తగిలింది. మళ్లీ పెట్టబోతే ముక్కు కొస ఎర్రబడింది. అంతలో మోకాళ్లు వంగిపోయి, ఆవిడ హెదర్ మెడను వాటేసుకుంది.

హెదర్ మెల్లగా కూర్చోబెట్టి, ఇలా ఎప్పటినుంచి అని అడిగింది.

"చాన్నాళ్లయింది," అంది పెద్దావిడ తలదించుకుని. "అన్నం నేనే తింటాను, మందులు నేనే వేసుకుంటాను. జాకెట్టు హుక్కులు మాత్రం పెట్టుకోలేను, ఒంటిమీద నీళ్లు పోసుకోలేను. అన్నీ ఈ పిచ్చిది చేస్తోంది."

ఈసారి రుచిత నవ్వకుండా అంతా ఇంగ్లీషులో చెప్పింది. హెదర్ చకచకా రాసుకుంది. నర్సింగ్ హోమ్ అక్కర్లేదు, పొద్దుటిపూట ఇంటికే మనిషి కావాలని రాస్తానంది. వెయిటింగ్ లిస్టు మాత్రం చాంతాడంత ఉంది, నెలలు పట్టొచ్చట.

మంగళ కళ్లు తుడుచుకుని కిటికీలోంచి చూసింది. "అయ్యో, ముక్కు తుడుచుకోకుండా కారెక్కేసిందే! రక్తమనుకుని పోలీసులు ఆపితే?"

"అది సరేగానీ, ఆ నీళ్లు పోయడానికొచ్చే అమ్మాయి జంతికలు తింటుందో లేదో అడిగావుటే?" అంటూ పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుంది.

"లేవకండి అత్తయ్యగారూ!" అని అరిచింది మంగళ. "ఆ కారు వీధి మలుపు తిరగనివ్వండి!"